మెడ పైపూసలు రెండు, మూడింతల సైజులో: ప్రాజెక్టు డైరీ

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. మెడలోని మొదటి రెండు పూసలను టేబుల్ మీద పెట్టి తిప్పి చూపించడానికి ఒక చెక్క నమూనా చేశాను. కొనుక్కుంటే దొరికే ప్లాస్టిక్ నమూనాలు నేను చూసినంతలో ఎముకలే చూపిస్తాయి. వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు ఉండవు, మధ్యలో ఒక తీగ గుచ్చి వదిలేస్తారు. "సార్, సెలూన్లో లాగా మెడ టక్‌మనిపించండి" అని అడిగేవాళ్లకు అవి చూపించి లాభం లేదు.

ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే నేను తగలేసిన చెక్క వాళ్లూ తగలేయకూడదని ఇది రాస్తున్నాను. ప్రతి దశ చివర ఆ దశ ఖర్చు, మొదటి నుంచి అప్పటివరకు అయిన మొత్తం, గంటలు ఉంటాయి.

దశ 0: కొలతలు

పెద్దవాళ్ల ఎముక కొలతలు మనిషికీ మనిషికీ మారతాయి. నేను తీసుకున్నవి సుమారు లెక్కలు. అన్నిటినీ మూడుతో హెచ్చించాను.

1. మొదటి పూస (అట్లాస్) అడ్డం వెడల్పు: 75 మి.మీ. నమూనాలో 225.
2. అట్లాస్ ఉంగరం లోపల ముందు నుంచి వెనక్కి: 30 మి.మీ. నమూనాలో 90.
3. రెండో పూస (యాక్సిస్) మీద మేకులా నిలబడే డెన్స్ ఎత్తు: 15 మి.మీ. నమూనాలో 45.
4. డెన్స్ మందం: 10 మి.మీ. నమూనాలో 30.
5. డెన్స్‌కూ అట్లాస్ ముందు వంపుకూ మధ్య సందు: 2 మి.మీ. నమూనాలో 6.

రెండో కొలతను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. ఉంగరం లోపలి జాగాలో మూడో వంతు డెన్స్‌ది, మూడో వంతు వెన్నుపాముది, మిగతా మూడో వంతు ఖాళీ. నమూనాలో 30, 30, 30. ఈ లెక్క తప్పితే మిగతాదంతా ఎంత అందంగా చెక్కినా వృథా.

దశ 1: మేక మెడ

బొమ్మలు చూసి చెక్కడం కన్నా నిజం ఎముక చేతిలో పెట్టుకుని చెక్కడం సులువనుకున్నాను. మాంసం కొట్టులో రెండు మెడలు పూసలు నరక్కుండా ఇమ్మన్నాను. కొట్టాయన నన్ను అదోలా చూశాడు. ఇంట్లో పాత గిన్నెలో రెండు గంటలు ఉడకబెట్టి, చాకుతో గీకి, పెరాక్సైడ్‌లో నానబెట్టాను. ఆ గిన్నె ఇప్పుడు ఇంట్లోకి రానివ్వరు.

ఎముకలు తెల్లగా, చక్కగా వచ్చాయి. పనికి మాత్రం రాలేదు. మేకకూ మెడలో ఏడు పూసలే, జిరాఫీకీ ఏడే. కానీ మేక డెన్స్ మేకులాగా ఉండదు, వెడల్పుగా, పైన పల్లంగా, ఉగ్గుగిన్నె మూతిలాగా ఉంటుంది. అట్లాస్ పక్కలు రెక్కల్లా పరుచుకుని ఉంటాయి. అది చూసుకుంటూ గీసిన మొదటి పేపర్ నమూనా మొత్తం చించేశాను. పూస మీద పూస ఎలా కూర్చుంటుందో చేతికి తెలిసింది, అంతవరకే లాభం.

ఖర్చు: మెడలు 500, పెరాక్సైడ్ 80. మొత్తం: రూ. 580, 6 గంటలు.

దశ 2: బంకమట్టి

సంగం వైపు నుంచి తెప్పించిన బంకమట్టితో అట్లాస్ చేశాను. మట్టితో చేయడంలో ఒక సుఖం ఉంది, తప్పు చేస్తే మళ్లీ పిసకొచ్చు.

అట్లాస్‌కు పొట్ట లేదు, వెనకాల ముల్లు లేదు. మిగతా పూసలన్నిటికీ ముందు దిమ్మె లాంటి ఎముక ఉంటే దీనికి ఉన్నది ఉంగరం మాత్రమే. ఆ ఉంగరంలో ముందు వంపు సుమారు ఐదో వంతు, వెనక వంపు ఐదింట రెండు వంతులు, మిగిలింది పక్కల రెండు దిట్టమైన దిమ్మలు. తల బరువు దిగేది ఆ దిమ్మల మీదే. పేరు ఆకాశాన్ని మోసిన గ్రీకు వీరుడిది. మనవాళ్లు పెట్టి ఉంటే ఆదిశేషుడనేవాళ్లేమో.

వారం నీడలో ఆరబెట్టి కొలిస్తే 225 కాస్తా 207 అయింది. నూటికి 8 కుంచించుకుంది. యాక్సిస్ అప్పటికింకా పచ్చిగా ఉంది, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. సరే, బలం చూద్దామని తల బరువుకు దగ్గరగా 5 కిలోల బియ్యం సంచి పైన పెట్టాను. జంతిక విరిగినట్టు టప్పున విరిగింది, ముందు ఒకచోట, వెనక రెండు చోట్ల. దిమ్మలు రెండూ చెరో పక్కకు జరిగాయి.

విరిగినందుకు తిట్టుకుంటూ ముక్కలు ఏరుతుంటే తట్టింది, ఇది నా మట్టి తప్పు కాదు. దిమ్మల పై ముఖాలు లోపలికి వాలి ఉంటాయి, కింది ముఖాలూ లోపలికే వాలి ఉంటాయి. దుంగలు చీల్చే చీలకు రెండు వైపులా ఏటవాలు ఉన్నట్టు. పై నుంచి నిలువుగా బరువు పడితే దిమ్మలు బయటికి తన్నుకుపోతాయి. ఉంగరం ఒక్కచోట విరగడం అరుదు. 1920లో జెఫర్సన్ అనే బ్రిటిష్ సర్జన్ వివరించిన ఎముక విరుపు ఇదే. లోతు తక్కువున్న నీళ్లలో తలకిందులుగా దూకినవాళ్లలో కనిపిస్తుంది. ముక్కలు బయటికి జరుగుతాయి కాబట్టి లోపలి జాగా పెరిగి, వెన్నుపాము చాలాసార్లు బతికిపోతుంది.

ఆ మూడు ముక్కలు పారేయలేదు. క్లినిక్ షెల్ఫ్‌లో పెట్టాను, నమూనా కన్నా వాటినే ఎక్కువమంది అడుగుతున్నారు.

ఖర్చు: మట్టి 100, లోపలి తీగ 40. మొత్తం: రూ. 720, 15 గంటలు.

దశ 3: ప్లైవుడ్ అట్లాస్

మట్టి వదిలేసి ఆచారి దగ్గరికి వెళ్లాను. ఒకే పలకలో కోస్తే ముందు వంపు దగ్గర చెక్క నారకు అడ్డంగా వస్తుంది, సన్నగా ఉంటుంది గనక పుటుక్కుమంటుంది. అందుకని ప్లై.

1. 18 మి.మీ. ప్లై ముక్కలు మూడు, మధ్యలో 6 మి.మీ. ముక్క ఒకటి. అన్నీ అతికిస్తే దిమ్మ ఎత్తు 60.
2. ఫెవికాల్ పట్టించి సీ-క్లాంపులతో ఒక రాత్రంతా బిగించి ఉంచాలి. నాలుగు గంటలకే విప్పితే పొరలు జారాయి.
3. దిమ్మలు 60 ఎత్తున ఉంచి, వంపులను 27కు దించాలి.
4. పక్కలకు పొడుచుకొచ్చిన కొమ్ముల్లో చెరో 18 మి.మీ. రంధ్రం. రక్తనాళం వెళ్లే దారి అది.
5. దిమ్మల పైన పుర్రె కూర్చునే పల్లాలు రెండు. చిక్కుడుగింజ ఆకారం, ముందువైపు ఒకదానికొకటి దగ్గరవుతాయి.

ఐదో మెట్టు దగ్గర దెబ్బతిన్నాను. అట్టముక్క కత్తిరించి ఒక పల్లానికి గీత గీశాను. అదే అట్టను తిరగేయకుండా రెండో వైపూ గీశాను. రెండు పల్లాలూ ఒకే వైపుకు వాలాయి. పుర్రె అడుగుభాగాన్ని విడి ముక్కగా చేయించి పైన పెట్టి "అవును" అని ఊపితే అది తల ఊపలేదు, గడ్డం ఎడమకు తోసింది, ఎవరో దారి చూపిస్తున్నట్టు. అట్ట తిప్పి గీయాలని చిన్నపిల్లాడికైనా తెలుసు. నాకు మాత్రం ఇంకో అట్లాస్ ఖర్చయ్యాక తెలిసింది.

రెండోది సరిగ్గా కుదిరింది. ముందుకూ వెనక్కీ కలిపి 24 డిగ్రీలు ఊగింది. పక్కలకు ఒంచబోతే పల్లాల అంచులే అడ్డుకున్నాయి. నిజం మెడలోనూ ఆ కీలు ప్రధానంగా తల ఊపడానికే. "కాదు" అనాలంటే ఒక మెట్టు కిందికి రావాలి.

ఖర్చు: ప్లై 250, ఫెవికాల్ 110, అట్లాస్ కూలి రెండుసార్లు 900, పుర్రె ముక్క 350. మొత్తం: రూ. 2,330, 26 గంటలు.

దశ 4: యాక్సిస్, దాని మీద మేకు

యాక్సిస్‌ను వేపదుంగలో చేయమన్నాను. బొమ్మ చూసి ఆచారి, "ఇది తిరగలి గదా సార్, చెప్పరేంది" అన్నాడు. కింది రాయి, పై రాయి, మధ్యలో మేకు. ఇంత బాగా నాకెప్పుడూ తట్టలేదని సంతోషపడి ఇంటికొచ్చాను. మర్నాడు వెళ్తే మేకు రంధ్రం పూస నడిమధ్యన తొలిచి ఉంది. తిరగలికి మేకు ఉండేది అక్కడే మరి. ఇక్కడ మేకు ముందుకు జరిగి ఉండాలి, వెనకాల వెన్నుపాముకు దారి వదలాలి. రంధ్రాన్ని చెక్కబిరడాతో మూసి, 60 మి.మీ. ముందుకు జరిపి మళ్లీ తొలిచాడు. మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

డెన్స్ అంటే లాటిన్‌లో పన్ను. గర్భంలో ఎముకలు ఏర్పడేటప్పుడు అది అట్లాస్‌కు చెందిన పొట్టభాగమే, తర్వాత యాక్సిస్‌కు దత్తత పోతుంది. అట్లాస్‌కు పొట్ట లేకపోవడానికి కారణం అదే.

మేకు గుండ్రంగా, నున్నగా రావడానికి ఉదయగిరి వెళ్లాను. అక్కడ చెక్క స్పూన్లు, ఫోర్కులు ఆకురాయితో చేతిమీద చెక్కుతారు. ఒక పెద్దాయన కాళ్ల మధ్య ముక్క బిగించుకుని, మందం కొలిచే కాలిపర్స్ జోలికి పోకుండా వేలితో తడుముతూ రెండు మేకులు చేశాడు. నేను కొలిస్తే ఒకటి 30.2, రెండోది 29.8. "ఇది దేనికి సార్?" అన్నాడు. మెడలో ఉంటుందన్నాను. తన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, "ఇంత లావుదా!" అన్నాడు. మూడింతలు పెంచామని చెప్పాక గానీ చెయ్యి తీయలేదు.

మొదటి మేకును 8 మి.మీ. చెక్క పుల్లతో, జిగురుతో నిలబెట్టాను. పక్కింటి పిల్లాడు పుర్రె ముక్కను వెనక్కి లాగాడు, మేకు మొదట్లోనే విరిగింది. డెన్స్ విరుపులను 1974లో అండర్సన్, డలోంజో మూడు రకాలుగా విడదీశారు. కొస విరగడం, మొదలు విరగడం, విరుపు పూస పొట్టలోకి దిగడం. ఎక్కువగా కనిపించేది మొదలు విరగడమే, అతకడానికి మొండికేసేదీ అదే. నాదీ రెండో రకం, ఫెవికాల్‌కు లొంగలేదు.

రెండో మేకుకు నిలువునా రంధ్రం చేసి 10 మి.మీ. త్రెడ్ రాడ్ దించి, పూస అడుగున వాషర్, నట్ బిగించాను. ఆ తర్వాత కదల్లేదు.

ఖర్చు: దుంగ, కూలి 700, మేకులు 400, బస్సు 200, రాడ్, నట్లు 90. మొత్తం: రూ. 3,720, 40 గంటలు.

దశ 5: జారే ముఖాలు

అట్లాస్‌కూ యాక్సిస్‌కూ మధ్య డిస్క్ ఉండదు. మెడలో మొదటి డిస్క్ రెండో పూసకూ మూడో పూసకూ మధ్యనే. ఇక్కడ కార్టిలేజ్ (కీలులో ఎముక మీద ఉండే నున్నటి పొర) మీద కార్టిలేజ్ జారుతుంది. పాత హవాయి చెప్పుల రబ్బరు కోసి అంటించాను. కీచుమంటూ 15 డిగ్రీలకే ఆగిపోయింది.

రబ్బరు పీకేసి పాత ఎక్స్‌రే ఫిల్ములు కోసి అంటించాను. క్లినిక్‌లో వాటికి కొదవ లేదు. వెన్నలా తిరిగింది. ఇంకో మార్పు కూడా చేశాను. కింది ముఖాలను మొదట గిన్నెలా పల్లంగా చెక్కాను, కూర్చుంటే కదిలేది కాదు. అసలు ఎముకల్లో కార్టిలేజ్ వల్ల రెండు వైపులా కొద్దిగా ఉబ్బు ఉంటుంది. అలా మార్చాక, 40 డిగ్రీలు తిప్పితే అట్లాస్ 5 మి.మీ. కిందికి దిగింది. నిజం మెడలోనూ తల తిప్పినప్పుడు అది కొద్దిగా దిగుతుంది.

ఖర్చు: జిగురు 60. మొత్తం: రూ. 3,780, 45 గంటలు.

దశ 6: నవారు

మొత్తం పనిలో నేను ఎక్కువ తిప్పలు పడింది ఇక్కడ. ఇది రాయడానికే డైరీ మొదలుపెట్టానన్నా తప్పు లేదు.

డెన్స్‌ను అట్లాస్ ముందు వంపుకు ఆనించి ఉంచేది ఎముక కాదు, వెనక నుంచి అడ్డంగా చుట్టిన ఒక పట్టీ. ట్రాన్స్‌వర్స్ లిగమెంటు అంటారు. ఒక దిమ్మ లోపలి గోడ నుంచి రెండో దిమ్మ లోపలి గోడకు కట్టి ఉంటుంది. దానికి వెనకాల వెన్నుపాము. నమూనాలో వెన్నుపాముకు ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ గొట్టం వాడాను, బయటి మందం 30. నొక్కితే నొక్కుకుంటుంది, జనానికి అదే కనిపించాలి.

పరీక్ష ఒకటే. తలను ముందుకు వంచి, డెన్స్‌కూ ముందు వంపుకూ మధ్య సందు కాలిపర్స్‌తో కొలవాలి. మొదలు 6 మి.మీ.

1. టైలర్ ఎలాస్టిక్: 19 మి.మీ. తెరుచుకుంది. ఫోమ్ గొట్టం సగానికి నలిగింది.
2. సైకిల్ ట్యూబు పట్టీ: 13 మి.మీ.
3. నవారు, ఒక పొర: 9 మి.మీ. మేకులు కొట్టిన చోట నేత విడిపోయింది.
4. నవారు, మూడు మడతలు, చెప్పులు కుట్టే ఆయన దగ్గర మైనపు దారంతో కుట్టించింది: 7.5 మి.మీ.

మూడుతో భాగిస్తే మొదటిది 6.3, చివరిది 2.5. పెద్దవాళ్లలో ఈ సందు 3 మి.మీ. దాటితే డాక్టర్లు అనుమానిస్తారు, పిల్లల్లో 5 వరకు చూస్తారు. రుమటాయిడ్ కీళ్లవాతంలో ఈ పట్టీ సాగి పాడవుతుంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో వదులుగా ఉంటుంది. అలాంటివాళ్ల మెడ ఎవరూ సరదాకు కూడా తిప్పకూడదు. లిగమెంటు అనగానే సాగేది అనుకుని ఎలాస్టిక్ కోసం బజారంతా తిరిగాను. కావాల్సింది మంచం మీద మనిషిని మోసే నవారు.

రెండు తప్పులు ఇక్కడే బయటపడ్డాయి.

ఒకటి. దిమ్మల లోపలి గోడ మీద చిన్న బొడిపెలు ఉంటాయి. ఆచారి నా బొమ్మ చూసి పాపం శ్రద్ధగా వాటినీ చెక్కాడు. చేతికి తగులుతున్నాయి, ఎందుకులే అని ఆకురాయితో నేనే అరగదీశాను. నవారు కట్టడానికి వచ్చేసరికి, అది పట్టుకునేది ఆ బొడిపెలనే! చెక్క బిరడాలు దిగ్గొట్టి మళ్లీ బొడిపెలు చేసి, 40 మి.మీ. స్క్రూ, వెడల్పు వాషర్ వేశాను.

రెండు. పదిసార్లు తిప్పేసరికి పట్టీ మెల్లగా పైకి పాకి డెన్స్ కొస మీద నుంచి ఊడిపోయేది. జిగురు పెట్టాను, ఊడింది. గరుకు చేశాను, ఊడింది. బొమ్మల పుస్తకం మళ్లీ తీస్తే కనిపించింది. డెన్స్ నిటారు రోకలి కాదు, దానికి నడుముంది. వెనకవైపు పట్టీ కూర్చునే గాడి. గుండ్రటి ఆకురాయితో నడుము దగ్గర 30ని 26కు తగ్గించాను. రెండు వందల సార్లు తిప్పాను, పట్టీ కదల్లేదు. ఉదయగిరి పెద్దాయనకు మొదటే చెప్పి ఉంటే ఆయన రెండు నిమిషాల్లో తీసేవాడు.

ఖర్చు: ఎలాస్టిక్ 30, నవారు, కుట్టుకూలి 90, స్క్రూలు, వాషర్లు 50, ఫోమ్ 60. మొత్తం: రూ. 4,010, 53 గంటలు.

దశ 7: ఎక్కడ ఆగాలి

పట్టీ ఉన్నా తల 62 డిగ్రీలు తిరిగింది, అట్లాస్ ముఖం యాక్సిస్ మీద నుంచి జారిపోయేట్టుంది. నిజంగా ఈ కీలు చెరో వైపు 40 డిగ్రీలకు అటూ ఇటూగా తిరుగుతుంది. మెడ మొత్తం తిరుగుడులో దాదాపు సగం ఇదొక్కటే. అక్కడ ఆపేవి అలార్ లిగమెంట్లు. డెన్స్ కొస పక్కల నుంచి పైకి, బయటికి పుర్రె దాకా వెళ్తాయి. తల తిప్పితే డెన్స్‌కు చుట్టుకుంటూ బిగుస్తాయి, గుంజకు కట్టిన దూడ పలుపులాగా.

నైలాన్ తాడుతో కట్టాను. మొదట 22 డిగ్రీలకే ఆగింది. ఒక్కో తాడు 5 మి.మీ. వదులు చేస్తే కుడికి 41, ఎడమకు 39. కొలిచింది మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని కోణమానినితో. అంతకన్నా కచ్చితం అక్కర్లేదు.

ఖర్చు: తాడు 20. మొత్తం: రూ. 4,030, 58 గంటలు.

దశ 8: సెలైన్ పైపు

మెడ పూసల పక్క రంధ్రాల్లోంచి మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమని వెళ్తుంది. యాక్సిస్ రంధ్రం కన్నా అట్లాస్ రంధ్రం బయటికి ఉంటుంది, ధమని అక్కడ పక్కకు మళ్లుతుంది. అట్లాస్ దాటాక దిమ్మ వెనకగా తిరిగి, వెనక వంపు మీది గాడిలో పడి పుర్రెలోకి పోతుంది. ఇన్ని మలుపులు ఊరికే లేవు, తల తిరిగినప్పుడు సాగడానికి అదే మిగులు.

నేను మిగులు లేకుండా సెలైన్ పైపు బిగించాను, 18 డిగ్రీలకే ఊడొచ్చింది. 45 మి.మీ. అదనంగా వదిలి, ఎర్ర సిరా నీళ్ల సీసా స్టాండుకు తగిలించి చుక్కలు లెక్కపెట్టాను. తల ఎడమకు తిప్పితే సాగేది కుడివైపు పైపు.

1. నిటారుగా: నిమిషానికి 40 చుక్కలు.
2. ఎడమకు 40 డిగ్రీలు: 31.
3. అలార్ తాడు వదులు చేసి, బలవంతంగా 55 డిగ్రీలు: 6.

ఇది ప్లాస్టిక్ పైపు. నిజం ధమనికి ఈ అంకెలు వర్తించవని, రెండో వైపు ధమని కూడా ఉంటుందని చూపించిన ప్రతిసారీ చెబుతున్నాను. అసలు భయం పైపు నొక్కుకోవడం కాదు. హఠాత్తుగా మెలితిప్పితే లోపలి పొర చీలి, గడ్డ కట్టి, అది మెదడుకు చేరడం. అరుదే, కానీ జరుగుతుంది. చీలికను చూపించే ఉపాయం నాకింకా దొరకలేదు.

ఖర్చు: సెలైన్ సెట్లు 60, సిరా 20. మొత్తం: రూ. 4,110, 63 గంటలు.

రిపేరు

భుజం నొప్పికి వస్తున్న సెలూన్ ఆయన ఒకరు నిన్న టేబుల్ మీద దీన్ని చూశాడు. అడక్కుండానే ఒక అరచెయ్యి గడ్డం ఉండే చోట, ఇంకోటి తల వెనక ఉండే చోట పెట్టాడు. రోజూ చేసే పని గదా, చేతులు వాటంతటవే వెళ్లాయి. టక్కున తిప్పాడు. చుక్కలు ఆగాయి. సీసా వైపు చూశాడు, మళ్లీ నెమ్మదిగా నిటారు చేశాడు. చుక్క పడిందాకా చెయ్యి తీయలేదు.

"కస్టమర్లే అడుగుతారు సార్" అన్నాడు.

ఆయన తిప్పిన తిప్పుకు కుడి అలార్ తాడు స్క్రూ ఊడింది. అది 12 మి.మీ. స్క్రూ, ప్లైలో పట్టు చాలలేదు. 25 మి.మీ. స్క్రూ వేశాను.

ఖర్చు: 5. మొత్తం: రూ. 4,115, 63 గంటల 20 నిమిషాలు.